జాజుత్రాటి నుండి పట్టాఱంపము వఱకు

మన పంచవృత్తులలో దారుకర్మము మయబ్రహ్మ వంశీయులదని పెద్దలు చెప్పుదురు. ఆ వృత్తి చరిత్రమును వ్రాయబూనినవారు సాధారణముగా దేవాలయ రథములను, సింహద్వారములను వర్ణించి తృప్తి నొందుదురు. మేము అంత యెత్తునకు పోక, ఱంపమను నొక్క పనిముట్టును గూర్చి మాత్రమే యిందు విన్నవింపదలచితిమి. ఏలయన, కారేపల్లి ప్రాంతమున ఇంటివద్దనే బల్లలు, బీరువాలు చేసికొను మన యువకులు పలువురు "ట్రాక్ సా యనునది కొనవచ్చునా? తక్కువ వెలలో ఏది మేలు?" అని యడుగుచున్నారు. ఈ ప్రశ్నకు దుకాణదారు చెప్పు నుత్తరము వేఱు, ఱంపపు చరిత్రము చెప్పు నుత్తరము వేఱు. రెండవదియే నమ్మదగినదని మా యభిప్రాయము.

ఱంపము మిక్కిలి ప్రాచీనమైన సాధనము. మొహెంజొదారో త్రవ్వకములలో కంచుఱంపములు దొరకినవి. అమరకోశమున దీనికి క్రకచమనియు, కరపత్రమనియు పేర్లు కలవు. చేతిలోని ఆకువంటి పలుచని ఱేకు గనుక కరపత్రమనుట యెంతయు సొంపుగా నున్నది. నేడు ఆ మాట విన్నవారికి ఎన్నికలనాడు పంచు కాగితమే స్ఫురించుట వేఱు సంగతి.

ఱంపమునకు పండ్లు దీర్చుట మనవారికి ఏనాడును కష్టము కాలేదు. ఆకురాయితో పదునుపెట్టి, ఒక పంటిని కుడికిని, ఒక పంటిని ఎడమకును వంచినచో చాలును. కష్టమంతయు దానిని గీటు తప్పకుండ నడుపుటయందున్నది. మన పూర్వులు దుంగను కోయునపుడు నూలుత్రాటిని జాజునీట తడిపి, దుంగ రెండు కొనలయందును బిగించి, నడుమ పట్టి లాగి విడిచెడివారు. పెన్సిలు గీయజాలనంత తిన్నని యెఱ్ఱగీటు క్షణములో పడెడిది. పిమ్మట ఒకడు దుంగపై నిలిచి, వేఱొకడు క్రింది గోతిలో నిలిచి పెద్దఱంపమును లాగుదురు. పైవాని కన్ను గీటుపైననే యుండవలెను. క్రిందివాని కన్నులలో పొట్టు పడుచుండెడిది. బలము ఇరువురిది, తీర్పు ఒక్కనిది. అందుచేతనే పైన నిలుచువానికి అనుభవశాలియని గౌరవము. కోత తిన్నగా వచ్చినచో అది ఱంపము గొప్పతనము గాదు, త్రాటి గొప్పతనము, దానిని నమ్మి నడచిన కంటి గొప్పతనము.

ఇక మన ప్రాంతమునకు వత్తము. కారేపల్లి యొకవైపు ఖమ్మము మెట్టపొలములకును, మఱియొకవైపు భద్రాచలము దాక ప్రాకిన గోదావరి యడవులకును నడుమ నున్నది. టేకు, నల్లమద్ది, వేగిస మనవారికి కొనివచ్చు సరకులు గావు, చిన్ననాటినుండి యెఱిగిన చెట్లు. 1871వ సంవత్సరమున భూగర్భశాఖకు చెందిన విలియం కింగు ఎల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులను పొందెను. 1920లో దాని స్థానమున ఏర్పడిన కంపెనీ కారేపల్లి ప్రక్కనున్న సింగరేణి గ్రామము పేరనే జగత్ప్రసిద్ధమైనది. గనిలో కప్పు కూలకుండ నిలుపుటకు ఆకాలమున కఱ్ఱగుంజలే దిక్కు. రైలుపట్టాల క్రింద పఱచు స్లీపర్లును కఱ్ఱవే. బొగ్గు చరిత్రము వ్రాసినవారు బొగ్గును తలకెత్తినవారిని తలంతురు గాని, ఆ గుంజలను కొలిచి కోసినవారిని తలచుట యరుదు. ఈ సంచికయందైనను ఆ మాట యుండవలెనని వ్రాసితిమి.

సీమలో ఱంపమునకు చక్రరూపము వచ్చుట పదునెనిమిదవ శతాబ్దపు సంగతి. సౌతాంప్టను నగరవాసియైన సామ్యూల్ మిల్లరు 1777లో చక్రఱంపమునకు పేటెంటు పొందెను. ఆ ఱంపము మిల్లునకు కట్టుబడినది. కఱ్ఱయే దానికడకు పోవలెను. దానిని చేతబట్టి కఱ్ఱయొద్దకు కొనిపోవుట 1920లలో అమెరికాయందు సాధ్యమైనది. న్యూ ఆర్లియన్సునందు ఎడ్మండు మిషెలనువాడు చెఱకు నఱకు కూలీల కష్టమును చూచి, కత్తికి మోటారు తగిలింపబోయి, తుదకు చేతి కరెంటు ఱంపమును నిర్మించెను. అయితే ఇందొక చిక్కు వచ్చినది. చేతిఱంపము మెల్లగా తప్పును, మెల్లగానే దిద్దుకొనవచ్చును. నిమిషమునకు వేలసార్లు తిరుగు చక్రము తప్పినచో దిద్దుటకు వ్యవధి యెక్కడిది? 1925లో స్థాపింపబడి, తరువాత ఫెస్టూలు అను పేరను పనిముట్లు చేయుచున్న జర్మను సంస్థ 1960లలో దీనికి మార్గము చూపినది. అల్యూమినియము పట్టాను పలకపై పఱచి, దాని వెన్నుగట్టుపై ఱంపపు పీటలోని గాడి నడచునట్లు చేసిరి. ట్రాక్ సా పుట్టుక యిదియే.

కారేపల్లివారికి దీనిని వివరించుట తేలిక. డోర్నకల్లు నుండి వచ్చు ఇనుపదారి మన యూర చీలి, ఒకటి ఎల్లందునకును, ఒకటి కొత్తగూడెమునకును పోవును. బండి నడుపువాడు చక్రమును మలపడు. పట్టా యెటుపోయిన బండి యటుపోవును. కావున దీనిని పట్టాఱంపమని పిలుతము.

ఈ పనిముట్టు మన యిండ్లకు ఇప్పుడే ఏల కావలసివచ్చెనన, కఱ్ఱ మాఱినది. గోదావర్మను కేసులో సుప్రీముకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన యుత్తర్వును, 2002లో కేంద్ర సాధికార సంఘపు అనుమతి లేనిదే క్రొత్త కోతమిల్లులు తెఱువరాదని చెప్పిన యుత్తర్వును అడవి యంచున నున్న మన వృత్తిని మార్చివేసినవి. అడవికి అది మేలే. మనకు మాత్రము దుంగ చేజారినది. ప్లైవుడ్డు పలక చేతికి వచ్చినది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందముగల పలక 30 కిలోలకు పైగా తూగును. దానినొక్కడు బల్లఱంపముమీద తిన్నగా నెట్టుట దుస్సాధ్యము. ఇరుకు వసారాలో అసాధ్యము. పట్టాఱంపమైనచో పలకను నేలపై దిమ్మలమీద పఱచి, ఱంపమునే దానిమీద నడుపవచ్చును. ఇంటిపనివానికి ఇది దుంగమీద నిలుచున్న తాతయొక్క పద్ధతియే.

ఇక కొనుగోలు. పేరుపొందిన సంస్థల పట్టాఱంపములు పదులవేల రూపాయలు పలుకును. అప్పుచేసి వానిని కొనుమని మేము చెప్పము. నెలకు రెండు మూడు పలకలు కోయువానికి 185 లేక 190 మిల్లీమీటర్ల సాధారణ చక్రఱంపమును, స్వయముగా చేసికొన్న చెక్కపట్టాయును చాలును. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుపట్టీపై, మిల్లునుండి వచ్చిన తిన్నని యంచుగల మఱియొక సన్నపట్టీని అంటించి, ఱంపపు పీటను ఆ యంచున కానించి ఒకసారి నడిపినచో క్రిందిపట్టీ తెగి, బ్లేడు పోవు చోటు ఖచ్చితముగా తెలియును. తరువాత ఆ తెగిన యంచును గీటుపై నుంచుటయే పని. పట్టీమందము మేరకు కోతలోతు తగ్గును, అంతే నష్టము. ఇది జాజుత్రాటికి మనుమడు.

వారమువారము వంటయింటి బీరువాలు కట్టువాడు మాత్రము అసలైన పట్టాఱంపమును కొనుట లాభము. అందు బ్లేడు పైనుండి పలకలోనికి దిగును గనుక నడుమనుండి కోత ప్రారంభింపవచ్చును. పట్టా యంచునందలి రబ్బరుపట్టీ పై పొరను అణచిపట్టుటచే పెచ్చు లేవదు. 160 లేక 165 మిల్లీమీటర్ల బ్లేడుతో ఇంచుమించు 55 మిల్లీమీటర్ల లోతు తెగును, అది యింటిపనికి మిక్కుటము. తక్కువ వెలవానిలో మోటారుశక్తి అంకెలను చూచి మోసపోరాదు. ప్లగ్గు తీసి, బ్లేడును దించి, ప్రక్కకు కదల్చిచూడవలెను. ఊగినచో ఆ మిషను వలదు. పీట పట్టాపై వదులుగా నున్నచో బిగించుటకు మరలున్నవా? అఱిగిపోవు కార్బను బ్రష్షులు ఖమ్మమున దొరకునా? పట్టా యెవరి కొలతది? ఫెస్టూలు, మకీటా పట్టాలు ఇంచుమించు ఒక్క పోలికవి గనుక ఆ కొలత మిషనుకొన్నచో రేపు వేఱొక పట్టాను చేర్చుకొనవచ్చును. బాష్, మాఫెల్ పట్టాలు వేఱు పోలికవి. 1400 మిల్లీమీటర్ల పట్టా యొక్కటి పలక పొడవునకు చాలదు. రెండిటిని అతుకవలెను, ఆ యతుకు వంకరయైన కోతయంతయు వంకర.

పట్టా తిన్ననిదా యని పరీక్షించుటకు సులభోపాయము కలదు. దానియంచున గీటుగీసి, పట్టాను తలక్రిందుగా త్రిప్పి, ఆ యంచునే అవే రెండు బిందువులకు చేర్చి మరల గీయవలెను. రెండు గీట్లు ఒకటైన పట్టా మంచిది. నడుమ సందు కనబడినచో తప్పు ఆ సందులో సగము. ఈ పరీక్షకు ఖర్చు పెన్సిలు మాత్రమే గనుక, దుకాణములో సిగ్గుపడవలసిన పనిలేదు.

పట్టా తరువాత డబ్బు పెట్టవలసినది బ్లేడుపై, మోటారుపై గాదు. టేకుచేవలో ఇసుకవంటి సిలికా యున్నది; అది ఉక్కుపండ్లను త్వరగా మొద్దుపఱచును. కావున కార్బైడు మొనలున్న బ్లేడే కొనవలెను. ప్లైవుడ్డునకు 48 పండ్లు, గట్టికఱ్ఱను నిలువున చీల్చుటకు అందులో సగము పండ్లును తగును. పూర్తిగా టేకుపలకలతోనే పనిచేయువారికి, మా మాట వినినచో, పట్టాఱంపముతో పెద్ద పనిలేదు; లైసెన్సుగల డిపోలో కోయించి తెచ్చుకొని, అంచును రందాతో దీర్చుటయే చవుక.

ఒక్క విషయమున మాత్రము పొదుపు కూడదు. బ్లేడు వెనుక, తెగిన చీలికలో నడచు పలుచని యుక్కుఱేకు కొన్ని మిషనులకుండును. చీలిక మూసికొని బ్లేడును పట్టినచో మిషను వెనుకకు ఎగురును. ఆ ఱేకు దానిని చాలవఱకు నివారించును. చౌకమిషనులలో ఇది లేకుండుట కలదు. వ్రేళ్లు పోయిన వడ్రంగికి ఏ నిధియు వ్రేళ్లను తెచ్చి యియ్యజాలదు. అట్లే పొట్టునుపీల్చు గొట్టము తగిలించుటకు మూతియున్నదా చూడవలెను. కఱ్ఱపొట్టు క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో నిర్ణయించినది. ఆనాడు గోతిలో నిలిచిన క్రిందివాని కన్నులలో పడిన పొట్టు నేడు మనందఱి యూపిరితిత్తులలో పడుచున్నది.

పోషకులైన మహాశయులకు, విశేషించి అమెరికాయందున్న మన బంధువులకు ఒక మనవి. స్వగ్రామపు పిల్లలపై ప్రేమచే అక్కడి కరెంటు ఱంపములను పెట్టెలో పెట్టి తెచ్చుట కలదు. ఆ దేశపు కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా తగిలించిన ఆ మోటారు నిలువజాలదు; నిలుపుటకు కావలసిన ట్రాన్స్‌ఫార్మరు బరువు ఱంపము బరువును మించును. దాని బదులు రెండు మంచి బ్లేడులు తెచ్చిన పెట్టెలో చోటును మిగులును. అయితే బయలుదేరకముందు ఇక్కడి మిషను బ్లేడు నడిమి రంధ్రపు కొలతను, అది నిమిషమునకు తిరుగు చుట్ల సంఖ్యను ఉత్తరము వ్రాసియో, ఫోనుచేసియో తెలిసికొనవలెను. పట్టా మాత్రము ఇక్కడనే కొనుట మంచిది. పొడవైన యల్యూమినియము ప్రయాణములో వంగును, వంగిన పట్టా తూకమునకే పనికివచ్చును.