ఒమన్‌లో రోగనిరోధక సహనం: కిడ్నీ, ఎముక మజ్జ మార్పిడి చరిత్ర

పరాయి కణం ఎదురైనప్పుడు రోగనిరోధక వ్యవస్థ దాడికి దిగుతుందా, సహించి ఊరుకుంటుందా అన్నది ఒమన్ వైద్యులకు ప్రధానంగా కిడ్నీ, ఎముక మజ్జ మార్పిడుల్లో ఎదురైన ప్రశ్న. ఆ దేశంలో ఇది కుటుంబంతో ముడిపడి ఉంది.

శాస్త్ర నేపథ్యం

కవల దూడలు పుట్టకముందే ఒకదాని రక్తకణాలు మరొకదానిలో చేరి, పెద్దయ్యాక కూడా నిలిచి ఉంటాయని 1945లో రే ఓవెన్ గమనించాడు. సహనం పుట్టుకకు ముందే నేర్చుకునేదని ప్రతిపాదించిన మాక్‌ఫర్లేన్ బర్నెట్, దాన్ని 1953లో సహచరులతో కలిసి చిట్టెలుకల్లో నిరూపించిన పీటర్ మెడవార్ 1960లో నోబెల్ అందుకున్నారు.

రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలనే తెల్లకణాల్లో సొంత కణజాలం మీద విరుచుకుపడేవి చాలావరకు థైమస్ గ్రంథిలోనే నశిస్తాయి. తప్పించుకున్నవాటిని నియంత్రక టి-కణాలు అదుపులో పెడతాయి. వీటిని 1995లో గుర్తించిన షిమోన్ సకగుచికి మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో పాటు 2025లో నోబెల్ లభించింది. దాడికి పరాయి గుర్తు ఒక్కటే చాలదు. గాయమో సూక్ష్మజీవో తట్టిలేపిన కణాల నుంచి రెండో సంకేతమూ అందాలి. అది అందకపోతే టి-కణం చేష్టలుడిగిపోతుంది.

కిడ్నీ మార్పిడి

మార్పిడిలో ఆ పరాయి గుర్తులు హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లు. 1984-88 మధ్య ఒమన్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ రోగులు 130 మంది బొంబాయి వెళ్లి, బంధువులు కాని పేదల నుంచి కిడ్నీలు కొనుక్కున్నారు. వారిలో మరణాలు ఎక్కువని, కొందరికి హెచ్‌ఐవీ కూడా సోకిందని 1990లో ‘లాన్సెట్’ పత్రిక వెల్లడించింది. మార్పిడి తర్వాత దాడిని ఆపేందుకు ఇచ్చే మందులు అంటురోగాలను ఎదిరించే శక్తినీ తగ్గిస్తాయి. అందుకే దాతను సరిగ్గా పరీక్షించని చోట ముప్పు రెట్టింపవుతుంది. అవయవాల అమ్మకాన్ని భారత్ 1994లో చట్టంతో నిషేధించింది.

ఒమన్‌లోనే కిడ్నీ మార్పిడి 1988లో మొదలైంది. సుల్తాన్ కబూస్ విశ్వవిద్యాలయ శస్త్రచికిత్స విభాగానికి తొలి అధిపతి అబ్దల్లా దార్, అంతకుముందు ఆక్స్‌ఫర్డ్‌లో ఏ అవయవంలో హెచ్‌ఎల్‌ఏ ఎంత ఉంటుందో వివరంగా నమోదు చేసిన పరిశోధకుడు. మార్పిడికి ముందు దాత తెల్లకణాలను రోగి సీరంతో కలిపి చూస్తారు. కణాలు చనిపోతే, రోగిలో వాటిపై ప్రతిరక్షకాలు ముందే ఉన్నట్టు. ఆ కిడ్నీని అమరిస్తే నిమిషాల్లోనో గంటల్లోనో నల్లబడి పాడైపోవచ్చు.

మజ్జ మార్పిడి

ఒమన్ పిల్లల్లో సుమారు 6 శాతం మంది సికిల్ సెల్ జన్యువును, 2 శాతం మంది బీటా తలసేమియా జన్యువును మోస్తున్నట్టు జాతీయ సర్వే తేల్చింది. తల్లిదండ్రులు ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ రక్తవ్యాధులను కూడా నయం చేయగల మజ్జ మార్పిడి 1994లో సుల్తాన్ కబూస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మొదలైంది.

ఇక్కడ దాడి దిశ మారుతుంది. రోగి మజ్జను మందులతో ఖాళీ చేసి, తోబుట్టువు మజ్జను రక్తంలా నరంలోకి ఎక్కిస్తారు. అందులోని టి-కణాలు రోగి శరీరాన్నే పరాయిదనుకుంటే చర్మంపై దద్దుర్లు, విరేచనాలు, కామెర్లు మొదలవుతాయి. సైక్లోస్పోరిన్ వంటి మందులు వాటిని అణచి ఉంచుతాయి. కొన్ని నెలల్లో సహనం కుదిరితే మందు క్రమంగా మానేస్తారు. కిడ్నీ తీసుకున్నవారికి సాధారణంగా ఆ వెసులుబాటు ఉండదు.

తోబుట్టువు హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా సరిపోయే అవకాశం కూడా నాలుగింట ఒకటే. ఒమన్‌లో కుటుంబాలు పెద్దవి, అన్నదమ్ముల పిల్లల మధ్య సైతం పెళ్లిళ్లు జరుగుతాయి. వ్యాధి జన్యువులను కలిపే ఈ దగ్గరి సంబంధాలే సరిపోలే దాత దొరికే అవకాశాన్నీ పెంచుతాయి. దాత దొరకడం ఎంత ఊరటైనా, పెళ్లికి ముందే వాహకులను గుర్తించే రక్తపరీక్షకు అది ప్రత్యామ్నాయం కాదు. మార్పిడి ఒక బిడ్డను కాపాడుతుంది, పరీక్ష తర్వాతి తరాన్నే కాపాడగలదు.