చలి కబురు – తెల్లవారుజాము ప్రయాణం



చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతానికి చలి కొత్త సంగతి కాదు. హైదరాబాదు వాతావరణ కేంద్రం రికార్డుల్లో అన్నిటికంటె తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8న నమోదైంది.

అంతకు ముందటేడే, 1945లో, వాతావరణ శాఖ రైతుల కొరకు ప్రత్యేక సూచనలను ఆలిండియా రేడియోలో ప్రసారం చేయనారంభించింది. అయితే అప్పుడు హైదరాబాదులో ఉన్నది నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో. ఆలిండియా రేడియో ఇక్కడికి 1950లో వచ్చింది. రేడియో లేని ఇంటికి మబ్బు, గాలి తీరే కబురు.

ఇప్పుడా కబురు సెల్‌ఫోనుకే వస్తున్నది. పసుపు రంగు వస్తే గమనిస్తూ ఉండాలి. నారింజ అయితే సిద్ధపడాలి. ఎరుపు అయితే వెంటనే జాగ్రత్త పడాలి. యాసంగి నారుమడిపై రాత్రి పట్టా కప్పి, ఉదయం తీసెయ్యండి. మడిలోని చల్లని నీరు తీసి కొత్త నీరు పెట్టండి.

మరి ప్రయాణం మాటేమిటి? కూరగాయలు, పూలు తెల్లవారేసరికి పట్నం చేరాలని బీజాపూరు రోడ్డున చీకటితోనే బయలుదేరుతాం. 50 మీటర్లు కూడా కనిపించకపోతే దానిని అతి దట్టమైన పొగమంచు అంటారు. అందులో ఎదురు లారీని చూసేలోపే అది మీద పడుతుంది. అటువంటి రోజు పొద్దెక్కేదాకా ఆగండి. ఆలస్యమైతే ధర కొంత తగ్గవచ్చు. బతికుంటే బలుసాకు తినవచ్చునన్నారు పెద్దలు.

కబురు చేరడానికి ఇన్నేండ్లు పట్టింది. విని ఆగడం మన చేతిలో పని.