చీకటి నెలలు, ఆగిన సాంచెలు

ఋతువు మారితే మనిషి సత్తువ మారుతుందన్న ఎరుక మనకు కొత్త కాదు. చరకసంహిత సూత్రస్థానంలో ఆరో అధ్యాయం మొత్తం ఋతుచర్య గురించే. అయితే అందులోని లెక్క, చలికాలపు చీకటి మనిషిని కుంగదీస్తుందన్న నేటి ప్రచారానికి పూర్తిగా ఎదురు. హేమంత శిశిరాల్లో మనిషికి బలం నిండుగా ఉంటుందని, గ్రీష్మ వర్షాల్లో అది అడుగంటుతుందని ఆ గ్రంథం చెబుతుంది. ఉత్తర దేశాల అనుభవం వేరు. 1898లో అంటార్కిటికా మంచులో ఆ దేశాల నావికులున్న బెల్జికా ఓడ చిక్కుకుపోయింది. నెలల తరబడి పొద్దు పొడవక నావికులు కుంగిపోతుంటే ఓడ వైద్యుడు ఫ్రెడరిక్ కుక్ వాళ్లను మంట వెలుగు ముందు కూర్చోబెట్టాడు. ఎవరి ఆకాశాన్ని బట్టి వాళ్ల వైద్యం పుట్టింది. ఈ సంగతి మరిచిపోయి వాళ్ల చీకటిని మన క్యాలెండర్‌లోకి తెచ్చుకుంటే మన రోగికి మేలు జరగదు.

ఆధునిక వైద్యంలో ఈ కథ 1980లో మలుపు తిరిగింది. ప్రకాశవంతమైన వెలుగు మనిషిలో మెలటోనిన్ ఊరడాన్ని అణచివేస్తుందని ఆల్ఫ్రెడ్ లూయీ బృందం ఆ ఏడాది చూపింది. 1984లో నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు ఏటా చలికాలంలో తిరగబెట్టే కుంగుబాటుకు ఒక పేరు పెట్టి, దీపకాంతి చికిత్సను పరీక్షించారు. పొద్దున్నే పదివేల లక్స్ దీపం ముందు అరగంట కూర్చోవడం ఈనాటికీ వాడుకలో ఉన్న పద్ధతి. కంటి జబ్బులున్నవాళ్లు, ఉన్మాద లక్షణాలు వచ్చిపోయేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి పోకూడదు. ఎండాకాలంలో కుంగిపోయేవాళ్లూ ఉన్నారని అదే పరిశోధకులు 1987లో రాశారు. చరకుడి లెక్క తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు.

అసలు ఈ ఋతువుల కుంగుబాటు జబ్బేనా అన్న ఆక్షేపణ బలమైనదే. 2016లో అమెరికాలో 34 వేల మందికి పైగా పెద్దల సమాచారం పరిశీలిస్తే కుంగుబాటుకూ ఋతువుకూ సంబంధం కనిపించలేదు. అమెరికా తూర్పు తీరం కన్నా ఐస్‌లాండ్‌లో ఈ బాధ తక్కువని 1993 నాటి అధ్యయనం తేల్చింది. జనాభా సగటులో కొద్దిమంది బాధ కనిపించకుండా పోవచ్చు గనక, ఏటా అదే కాలంలో మంచం పట్టే మనిషిని ఈ అంకెలు కాదనలేవు. కానీ చీకటి పడితే అందరూ కుంగుతారన్న నమ్మకాన్ని మాత్రం కూల్చేశాయి. జగిత్యాల జిల్లా మేడిపల్లిలో డిసెంబరు చివర కూడా పగలు దాదాపు 11 గంటలుంటుంది. లండన్‌లో అప్పుడు 8 గంటలైనా ఉండదు. ఇక్కడి నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డవాళ్లకు దీపం పనికిరావచ్చు. మేడిపల్లిలో ఉన్నవాళ్లకు కరువైనది వెలుగు కాదు.

మన దగ్గర కాలంతోపాటు వచ్చిపోయేది పని. నేత ఊరు సిరిసిల్లలో 2017 నుంచి సర్కారు బతుకమ్మ చీరల ఆర్డర్ ఉన్నన్నాళ్లు సాంచెలు (మరమగ్గాలు) ఆడాయి, అది తీరిపోతే చేతులు ఖాళీ అయ్యాయి. 2024లో ఆ ఆర్డరే రాలేదు. ఆ ఏడాది నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలు మళ్లీ చదవాల్సి వచ్చింది. వానలు తప్పినా, కల్లంలో వడ్లు తడిసినా రైతు ఇంట్లోనూ ఇదే రంది. ఇది పేదరికం, దీనికి మానసిక వైద్యుడేం చేస్తాడని కొందరంటారు. పని ఇవ్వడం సర్కారు బాధ్యతే, దాన్ని మాత్రతో సరిపెట్టలేం. కానీ కుంగుబాటు ఒకసారి మనిషిని పట్టిందంటే, ఆర్డర్ వచ్చినంత మాత్రాన అది విడవకపోవచ్చు. నిద్ర, ఆకలి, బతుకు మీద ఆశ రెండు వారాలకు మించి సన్నగిల్లితే చికిత్స కావాలి. అందుకే పని లేని నెలలు ముందే తెలిసిన ఊళ్లలో ఆశా కార్యకర్తలు, నేత సంఘాలు ఆ నెలలకు ముందే ఇల్లిల్లూ పలకరించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416. ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరును ప్రతి సాంచెల కార్ఖానా గోడ మీద, ప్రతి వడ్ల కొనుగోలు కేంద్రంలో రాయించండి.