రెండర్థాల డి.నెం.

గుంటూరు సీమ దస్తావేజుల్లో పొలం నెంబరుకు ముందు డి.నెం. అని రాయడం వాడుక. తెనాలి ఊళ్లో ఇల్లు అమ్మినా డి.నెం. అనే రాస్తారు. అక్కడ దానర్థం డోర్ నెంబరు. కృష్ణకు ఆవలి గట్టున పొలానికి ఆర్.ఎస్.నెం. అంటారు కాబట్టి అక్కడివాళ్లకు ఈ చిక్కు లేదు. కాగితం మీద చదివితే మనకూ లేదు. పక్కన ఎకరాలు, సెంట్లు ఉంటే పొలమనీ, వార్డూ వీధీ ఉంటే ఇల్లనీ గుమాస్తాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రెంటినీ కంప్యూటరులో ఒకే గడిలో పెట్టినప్పుడే తంటా. డేటాబేస్ గడికి పక్క గడిలో ఏముందో తెలియదు, తెలిసేలా ఎవరో రాసిపెడితే తప్ప. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో భూమి రికార్డులు కాగితం నుంచి కంప్యూటరుకు మారిన కథను ఈ రెండు పొడి అక్షరాల దగ్గర నిలబడి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది: మనం కంప్యూటరు తప్పులని పేరు పెట్టినవాటిలో చాలాభాగం కంప్యూటరు కంటే వయసులో పెద్దవి. ఇన్నాళ్లూ వాటిని మనుషులు తలల్లో పెట్టుకుని సర్దుకొచ్చారు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు కంప్యూటరు రాకముందే ఒక డేటాబేస్. ఈ మాట అలంకారం కోసం అనడం లేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం తెరవండి. 51వ సెక్షన్ ఏ రకం దస్తావేజు ఏ పుస్తకంలోకి ఎక్కాలో చెబుతుంది: స్థిరాస్తి ఒకటో పుస్తకం, వీలునామాలు మూడో పుస్తకం, ఇలా. 53వ సెక్షన్ ప్రతి పుస్తకంలోనూ నెంబర్లు వరుసగా సాగాలనీ, ఏడాదితో మొదలై ఏడాదితో ముగియాలనీ అంటుంది. 55వ సెక్షన్ సూచికల సంగతి: ఒకటో సూచికలో రాసిచ్చినవారూ రాయించుకున్నవారూ, రెండో సూచికలో ఆస్తి వివరం. నేటి డేటాబేస్‌లకు పునాది అయిన ఎడ్గర్ కాడ్ పట్టికల సిద్ధాంతం అచ్చయింది 1970లో. కానీ ఆఫీసు, పుస్తకం, సంవత్సరం, నెంబరు ఈ నాలుగూ కలిస్తేనే ఒక దస్తావేజు గుర్తు అవుతుందని మన సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల గుమాస్తాలకు అంతకు ఆరు దశాబ్దాల ముందే అలవాటు. కొత్తగా ప్రోగ్రాం రాసే కుర్రవాడు దస్తావేజు నెంబరొక్కదాన్నే ప్రైమరీ కీగా పెట్టి, జనవరి మొదటి దస్తావేజు రాగానే 'ఈ నెంబరు ముందే ఉంది' అన్న ఎర్రరుతో తల పట్టుకుంటాడు. చట్టంలో ఒక్క సెక్షన్ చదివి ఉంటే ఆ తలనొప్పి తప్పేది. సంవత్సరాన్ని రెండంకెలతో దాచడం ఇంకో జబ్బు. 2000 ముందు ప్రపంచమంతా దానికి మందు వెతికింది.

అయితే చట్టంలోకి ఎక్కని సమాచారం ఒకటుంది. అది కరణం తలలో ఉండేది. దస్తావేజులో 'తూర్పు: ఫలానావారి పొలం' అని సరిహద్దు రాస్తే, ఆ ఫలానావారు చనిపోయి పొలం అల్లుడి పేర మారిందని అడంగల్ రాసే కరణానికి తెలుసు. రేపల్లె వైపు లంక పొలాల్లో వరద ఏ గట్టు కోసుకుపోయిందో, ఎక్కడ మేట వేసిందో కూడా ఆయనకే తెలియాలి. ఈ తెలివిని ఆయన నిజాయితీగానే వాడాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. కరణాల మీద జనానికున్న కోపం ఊరికే పుట్టలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాల్ని రద్దు చేసింది. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే వివరాలు 1983 నుంచే దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే పాత పుస్తకాలు తిరగెయ్యాల్సిందే. కంప్యూటరు జ్ఞాపకం మొదలైన ఏటికీ, ఊరి జ్ఞాపకాన్ని ఇంటికి పంపిన ఏటికీ మధ్య ఒక్క సంవత్సరమే తేడా. ఇది యాదృచ్ఛికమే, కానీ ఫలితం యాదృచ్ఛికం కాదు. కార్డ్ అనే కంప్యూటరీకరణ పథకం కింద 1998 నవంబరు 4న రాష్ట్రంలో 214 రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో ఒక్కసారే కంప్యూటర్లు పని మొదలుపెట్టినప్పుడు, వాటిలోకి ఎక్కింది పుస్తకాల్లో రాసి ఉన్నదే. రాయకుండా తెలిసి ఉన్నది ఎక్కలేదు.

పేర్లతోనే చూడండి. ఒకే మనిషి ఒక దస్తావేజులో లక్ష్మి, ఇంకోదాంట్లో లక్ష్మమ్మ, మూడోదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరంతో మహాలక్ష్మి. ఇంగ్లీషు లిపిలో ఈ తేడాలు ఇంకా పెరుగుతాయి, ఎందుకంటే ఆ లిపి 'రె'కీ 'రే'కీ తేడా చూపదు, 'క్ష'ను రెండు మూడు రకాలుగా రాయనిస్తుంది. దీనికి ప్రోగ్రామర్ల చేతిలో సౌండెక్స్ అనే పాత మందు ఉంది. అమెరికాలో రాబర్ట్ రసెల్ 1918లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. పేరులో మొదటి అక్షరం ఉంచి, మిగతా హల్లులకు అంకెలు వేసి, ఒకేలా వినిపించే పేర్లను ఒకచోటికి చేరుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో ఆ ఫంక్షన్ తయారుగానే ఉంటుంది. లక్ష్మిని 'కె, ఎస్, హెచ్'తో రాసినా, 'ఎక్స్'తో రాసినా సౌండెక్స్ ఎల్250 అనే చెబుతుంది. బాగానే ఉంది. ఎల్లమ్మ దగ్గరికి రండి. 'ఇ'తో మొదలెడితే ఇ450, 'వై'తో మొదలెడితే వై450. ఒకే అమ్మవారి పేరు పెట్టుకున్న ఒకే మనిషి రెండు వేర్వేరు సంచుల్లో పడింది. వెంకటేశ్వరరావు, వెంకటరత్నం, వెంకటసుబ్బయ్య, వెంకటాద్రి మాత్రం నలుగురూ వి523 అనే ఒకే సంచిలోకి దూరతారు. డెల్టాలో అది సంచి కాదు, సగం ఊరు. ఊళ్ల పేర్లదీ అదే తీరు. తెనాలి దగ్గరి చుండూరులో మొదటి అక్షరం దంత్య చకారం, పాత పుస్తకాలు ౘ అని వేరే గుర్తుతో చూపించినది. అందుకే ఇంగ్లీషులో ఒకచోట 'టి'తో, ఒకచోట 'సి'తో రాస్తారు. సౌండెక్స్‌లో మొదటిది టి253, రెండోది సి536. ఆ రెండు చుండూర్లూ ఎన్నటికీ కలుసుకోవు. కాగితపు సూచిక చూసే గుమాస్తా 'టి' కింద దొరక్కపోతే 'సి' కింద చూసేవాడు. ఆ చూపు ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

అంకెలైనా నమ్మకస్తులని అనుకుంటే అదీ లేదు. 'ఎ.1-5 సెం.' అని కాగితం మీద ఉంటే ఎకరం మీద అయిదు సెంట్లు. అదే దశాంశపు గడిలో 1.5 అని కొడితే ఎకరంన్నర అయిపోయింది. నలభై అయిదు సెంట్లు గాలిలోంచి పుట్టాయి. గజాల్లో చెప్పాలంటే సెంటుకు 48.4 చొప్పున రెండువేల పైచిలుకు. తెనాలి చుట్టుపక్కల భూమి ధర తెలిసినవాళ్లకు ఆ చుక్క విలువ వివరించనక్కర్లేదు. ఆ చుక్క సరిగ్గా పెట్టినా, గడిని ఫ్లోటింగ్ పాయింట్ రకంగా తీసుకుంటే ఇంకో వింత. ఎకరంలో పదో వంతును పదిసార్లు కలిపితే 0.9999999999999999 వస్తుంది. 'ఇది ఎకరంతో సమానమా' అని ప్రోగ్రాం అడిగితే యంత్రం కాదంటుంది. సున్నా, ఒకటి అనే రెండే అంకెలతో నడిచే యంత్రపు లెక్కలో పదో వంతు పూర్తిగా ఇమడదు మరి. సెంట్లను పూర్ణాంకాలుగా, ఎకరాలను వేరే గడిలో పెడితే ఈ గొడవే ఉండదు. పాత దస్తావేజులు చేసింది అచ్చంగా అదే. ఇక సర్వే నెంబరు 12/3 అని స్ప్రెడ్‌షీటులో కొట్టగానే అది తేదీగా మారిపోతుంది, మన సెట్టింగు ఉంటే మార్చి 12, అమెరికా సెట్టింగు ఉంటే డిసెంబరు 3. పోనీ అక్షరాలుగా దాస్తే వరుస తప్పుతుంది: 1 తర్వాత 10, తర్వాత 100, ఆ తర్వాత ఎప్పటికో 2.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. ఇంగ్లీషులో రాయబట్టి కదా పేర్ల గోల, తెలుగులో రాసి ఉంటే సరిపోయేది అని. 1998లో అది మనం అనుకున్నంత తేలిక కాదు. ఇస్కీ ప్రమాణం 1991లో, యూనికోడ్ మొదటి కూర్పు అదే ఏడు వచ్చిన మాట నిజమే. కానీ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనికోడ్ గడులు మొదలైంది 1998లో వచ్చిన 7.0తో. ఆ ఏడాదే విడుదలైన విజువల్ బేసిక్ 6లో మామూలు టెక్స్ట్ బాక్సు తెలుగు యూనికోడ్‌ను చూపించలేదు. విండోస్‌లో గౌతమి ఫాంటు ఎక్స్‌పీతో, అంటే 2001లో వచ్చింది. ఆలోగా తెలుగు అంటే అచ్చాఫీసుల్లోనూ డీటీపీ సెంటర్లలోనూ వాడిన ఫాంట్లే. వాటిలో అక్షరం దాగదు, అక్షరం బొమ్మ ముక్కలు దాగుతాయి. 'తెనాలి' ఒక కంపెనీ ఫాంటులో ఒక ముక్కల వరుస, ఇంకో కంపెనీ ఫాంటులో ఇంకో వరుస. ఫాంటు మార్చగానే ఊరే మాయం. ఆ రోజుల్లో ప్రోగ్రామరు తెలుగును వద్దనుకుంటే తప్పుపట్టలేం. యూనికోడ్ స్థిరపడ్డాక బాధ తీరిందా అంటే చాలావరకు తీరింది, పూర్తిగా కాదు. ఐత్వాన్ని ఒకే సంకేతంతోనూ రాయొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అని రెండు సంకేతాలతోనూ రాయొచ్చు. కంటికి ఒకటే, యంత్రానికి రెండు. సుబ్రహ్మణ్యం, సుబ్రమణ్యం ఒకరా ఇద్దరా అన్న ప్రశ్నకు మాత్రం ఏ సంకేత ప్రమాణమూ జవాబు చెప్పదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పాత దోషాలే బయటపడ్డాయని అంటున్నారు సరే, యంత్రం తన వంతు కొత్త దోషాలు తేలేదా? తెచ్చింది, ఒప్పుకోవాలి. విజువల్ బేసిక్‌లో 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అనే ఒక వాక్యం ఉంది: తప్పొస్తే పట్టించుకోకుండా తర్వాతి వరుసకు పొమ్మని. గడువు తరుముతుంటే ప్రోగ్రామరు ఆ వాక్యం రాసి ఊపిరి పీల్చుకుంటాడు. తెర మీద అంతా సవ్యంగా కనిపిస్తుంది, రికార్డు మాత్రం ఎక్కదు. రిజిస్టరు ఒకటే పుస్తకం కాబట్టి ఒకసారికి ఒక్క గుమాస్తానే రాయగలడు. తాళం దానికదే పడేది. ఫాక్స్‌ప్రో, యాక్సెస్ వంటి డేటాబేస్ ఫైలును ఇద్దరు పంచుకున్నప్పుడు ఆ తాళాన్ని ప్రోగ్రామరు గుర్తుపెట్టుకుని వెయ్యాలి, లేకపోతే ఒకరు రాసినదాని మీద మరొకరిది పడుతుంది. అన్నిటికన్నా నష్టం దిద్దుబాటు దగ్గర జరిగింది. చట్టం 20వ సెక్షన్ కొట్టివేతలు, వరుసల మధ్య రాతలు ఉంటే వాటిని రిజిస్టరులో గుర్తించి మరీ నమోదు చెయ్యమంటుంది. నమోదైన దస్తావేజులో తప్పుంటే దాన్ని చెరపరు, సవరణ దస్తావేజు రాసుకుంటారు. రెండూ ఉంటాయి, ఏది ఎప్పుడు మారిందో కనపడుతుంది. డేటాబేస్‌లో అప్‌డేట్ కొట్టగానే పాత విలువ పోతుంది. పాతది కూడా దాచే పట్టిక విడిగా కట్టుకుంటే తప్ప, నిన్న ఏముందో చెప్పే దిక్కు లేదు. ఈ దోషం యంత్రానిదీ అనలేం, గుమాస్తాదీ అనలేం. పాత పద్ధతిలో అదొక గుణమని గుర్తించకపోవడం వల్ల వచ్చింది. కేంద్ర చట్టంలోకి 2001లో 16ఎ సెక్షన్ చేరి, రిజిస్టర్లను కంప్యూటరు ఫ్లాపీల్లో ఉంచొచ్చని అనుమతించింది. ఆ ఫ్లాపీలను ఇప్పుడు చదవాలంటే యంత్రం వెతుక్కోవాలి. 1908 నాటి కాగితానికి కళ్లజోడు చాలు.

కొత్త నెంబర్లిస్తే ఇవన్నీ పోతాయని చాలామంది నమ్మకం. 2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. దేశవ్యాప్తంగా ప్రతి కమతానికీ 14 అక్షరాంకెల గుర్తు ఇచ్చే పథకమూ నడుస్తోంది. కమతాల విషయంలో ఇది మేలే. కానీ నిన్నటి దస్తావేజులన్నీ పాత డి.నెంబర్లతోనే మాట్లాడతాయి, పాత నుంచి కొత్తకు దారి చూపే పట్టిక ఎంత శుద్ధంగా ఉంటే కొత్త నెంబరు అంతే శుద్ధం. జిల్లాల విషయంలో ఆ పరీక్ష ముందే వచ్చింది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. బాపట్ల, రేపల్లె అందులోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులోనే మిగిలింది. పైన చెప్పిన చుండూరు తెనాలికి దగ్గర్లోనే ఉండి కూడా బాపట్ల జిల్లాలో పడింది. జిల్లా పేరును రికార్డు గుర్తులో కలిపేసిన ఏ పట్టికకైనా ఆ రోజు రెండే దారులు: చుండూరు పాత దస్తావేజుల్ని బాపట్ల కిందికి మార్చి, అవి గుంటూరు జిల్లాలో పుట్టిన సంగతి చెరిపెయ్యడం, లేదా గుంటూరు కిందే వదిలేసి, ఇవాళ బాపట్ల ఎంచుకుని వెతికేవాడికి ఏమీ దొరకకుండా చెయ్యడం. ఒకటో పుస్తకంలో ఉన్న అదే దస్తావేజుకు ఈ బెడద లేదు. 53వ సెక్షన్ చెప్పిన వరుసలో సంవత్సరం ఉంది, నెంబరు ఉంది, జిల్లా పేరు లేదు.