జీవిత బీమా ఏజెంటు

జీవిత బీమా ఏజెంటు అనగా బీమా సంస్థ తరఫున ప్రజలను కలిసి, వారి అవసరానికి తగిన పాలసీని వివరించి, ఒప్పందం కుదిర్చే వ్యక్తి. భారతదేశంలో 1956 సెప్టెంబరు 1న భారతీయ జీవిత బీమా సంస్థ ఏర్పడిన తరువాత ఈ వృత్తి గ్రామాలకు విస్తరించింది. బీమా రంగాన్ని నియంత్రించే ఐ.ఆర్.డి.ఎ.ఐ. ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది.

పరిచయం, నమ్మకం

ఏజెంటు సాధారణంగా బంధుమిత్రులతో ప్రారంభించి, వారి ద్వారా కొత్తవారిని పరిచయం చేసుకొంటాడు. కుటుంబ ఆదాయం, అప్పులు, పిల్లల వయస్సు తెలుసుకొన్న పిదపనే పాలసీని సూచించుట సరియైన పద్ధతి. మొదటి సంవత్సరపు ప్రీమియంపై కమీషను ఎక్కువగా ఉంటుంది. తరువాతి సంవత్సరాలలో అది తక్కువే అయినా, ప్రీమియం కడుతున్నంతకాలం వస్తుంది. కనుక భారం మించిన పాలసీ మధ్యలో ఆగిపోతే ఇరువురికీ నష్టమే.

ఒప్పందం

ఒప్పందానికి ఆధారం ప్రపోజలు ఫారం. మధుమేహం, గుండెజబ్బు వంటివి అందులో వ్రాయకుండా వదలివేస్తే అమ్మకం త్వరగా ముగియవచ్చు. కాని పాలసీదారు మరణించినపుడు క్లెయిము తిరస్కరణకు గురై, కుటుంబం వీధిన పడే ప్రమాదమున్నది. 2015 నాటి చట్ట సవరణ ప్రకారం మొదటి మూడు సంవత్సరాలలో సంస్థ పాలసీని ప్రశ్నించవచ్చును. కమీషనులో వాటా ఇస్తామని ఆశచూపుట 1938 బీమా చట్టంలోని 41వ సెక్షను ప్రకారం నిషిద్ధం. 2024 నిబంధనల ప్రకారం, పాలసీ పత్రం అందిన 30 రోజులలోగా, నచ్చనిచో దానిని తిరిగి ఇవ్వవచ్చును.

అమ్మకం తరువాత

ప్రీమియం గడువును గుర్తుచేయుట, నామినీ పేరు మార్పించుట, క్లెయిము పత్రాలు సమకూర్చుటలో సహాయపడుట మంచి ఏజెంటు చేసే పనులు. క్లెయిము సక్రమంగా అందిన కుటుంబమే ఇరుగుపొరుగుకు ఆ ఏజెంటును పరిచయం చేస్తుంది.