అంతరిక్ష వాతావరణ పరిశీలన: దక్షిణ భారతం

సూర్యుడి ప్రభావంతో భూమి పై ఆవరణాల్లో వచ్చే మార్పులే అంతరిక్ష వాతావరణం. దీన్ని ప్రాంతాలవారీగా గమనించక తప్పదు; ధ్రువాల దగ్గరి కొలతలు మనకు సరిపోవు. అయస్కాంత భూమధ్యరేఖ భారతదేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. పగటిపూట అక్కడి ఐనో ఆవరణంలో (విద్యుదావేశ కణాలుండే పై పొరలో) ఎలక్ట్రాన్లు పైకి లేచి, రేఖకు అటూ ఇటూ దట్టంగా పేరుకుంటాయి. పొద్దుగూకాక అడుగు నుంచి పల్చటి ప్లాస్మా బుడగలు లేస్తాయి. వాటి గుండా వచ్చే ఉపగ్రహ సంకేతాలు మిణుకుమంటాయి, జీపీఎస్ రిసీవర్లకు పట్టు తప్పుతుంది. విషువత్తు నెలల్లో, సౌర చక్రం ఉచ్చస్థితిలో ఈ బెడద ఎక్కువ.

సౌర జ్వాల దెబ్బ వేరు. దాని ఎక్స్ కిరణాలు సుమారు 8 నిమిషాల్లో చేరి పగలున్న వైపు ఐనో ఆవరణపు కింది పొరను బలపరుస్తాయి. షార్ట్‌వేవ్ తరంగాలను ఆ పొర మింగేస్తుంది.

పరిశీలనకు ఐనోసోండ్ ఇప్పటికీ ఆధారం. రేడియో తరంగాలను నిట్టనిలువుగా పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే కాలాన్ని గీతగా నమోదు చేస్తుంది. అలజడి ఉన్న రాత్రి ఆ సన్నని గీత అలికేసినట్టు కనిపిస్తుంది. తిరుపతి సమీపంలోని గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఈ అలజడినే పట్టుకుంటుంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా చేసిన ఐనో ఆవరణ పరిశోధనకు తెలుగునాట రావలసినంత గుర్తింపు రాలేదు. ఇక వాడకం విషయానికొస్తే, విమానాలకు దారిచూపే గగన్ వ్యవస్థ ఐనో ఆవరణం వల్ల సంకేతాలకు కలిగే ఆలస్యాన్ని లెక్కగట్టి సవరణలు ప్రసారం చేస్తుంది.