అక్షరానికో అంకె

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. అందువల్ల ఒక భాష తెర మీదికి రావాలంటే అందులోని ప్రతి అక్షరానికీ ఏ సంఖ్య చెల్లుతుందో ముందుగా ఒప్పందం కుదరాలి. అమెరికాలో 1963లో వెలువడిన ఆస్కీ అనే సంకేత పట్టికలో ఉన్నవి 128 స్థానాలే కనుక రోమను అక్షరాలకూ, అంకెలకూ, విరామ చిహ్నాలకూ, యంత్రానికిచ్చే ఆదేశాలకూ అవి సరిపోయాయి గాని తెలుగుకు చోటు మిగలలేదు. తెలుగు ఆన్‌లైన్‌లో ఆలస్యంగా నిలదొక్కుకోవడానికి తీగల కొరత కన్నా ఈ ఒప్పందపు కొరతే పెద్ద కారణమనిపిస్తుంది.

ఆ లోటును మొదట పూడ్చినవారు సముద్రాల కవతల ఉన్న తెలుగువారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల తొలినాళ్లలో రూపొందించిన ఆర్‌టీఎస్ ఒక లిప్యంతరీకరణ పద్ధతి, అంటే ఒక లిపిలోని మాటను ఉచ్చారణ చెడకుండా మరో లిపిలో రాసే పద్ధతి. రోమను లిపిలోని పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను అది తెలుగు అవసరానికి మలుచుకుంది: చిన్న 'ఎన్' న అయితే పెద్దది ణ, చిన్న 'ఎల్' ల అయితే పెద్దది ళ. ఇలా టైపు చేసిన పాఠాన్ని తెలుగు లిపిలో చూపే 'రిట్' అనే ప్రోగ్రాము కూడా అక్కడే పుట్టింది. విశ్వవిద్యాలయాల కంప్యూటర్ల మధ్య చర్చలను చేరవేసే యూజ్‌నెట్‌లో తెలుగువారి సాహిత్య వాదాలు ఈ మారువేషంలోనే సాగాయి. బడిలో ణ-న, ళ-ల తేడాలను పట్టించుకోనివారికి సైతం షిఫ్టు మీట దగ్గర ఆ తేడా పాటించక తప్పలేదు.

భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించిన తరువాత తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చాయి గాని, వాటిలో చాలావరకు దేని ఫాంటు దానిదే, దేని పట్టిక దానిదే. ఒక పత్రికలో క అయిన సంఖ్య మరో పత్రికలో ఒత్తు కావచ్చు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వార్తంతా రోమను గుర్తుల గందరగోళంగా కనిపించేది, శోధన యంత్రాలకైతే అది తెలుగన్న సంగతే తెలిసేది కాదు.

విచిత్రమేమంటే, ఉమ్మడి పట్టిక అప్పటికే ఉంది. భారతీయ లిపుల కోసం ఇక్కడే రూపొందిన ఇస్కీ ప్రమాణాన్ని ఆధారం చేసుకొని, ప్రపంచ లిపులన్నిటికీ ఒకే పట్టిక కావాలన్న యూనికోడ్ తన తొలి సంచికలో, అంటే 1991 అక్టోబరులోనే, తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ఈ పట్టిక కంటికి కనిపించే రూపాలకు కాక, వాటి వెనుక ఉన్న వర్ణాలకూ గుర్తులకూ సంఖ్యలిస్తుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. వాటిని కూర్చి ఒత్తులతో సహా చూపగల ఏర్పాటు, గౌతమి అనే ఫాంటుతో పాటు, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గాని సాధారణ వాడుకరికి అందలేదు. పదేళ్లు పట్టికలో నిద్రపోయిన లిపి ఆ తరువాత వేగంగా కదిలింది: 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది, పాత ఫాంట్ల వార్తలను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'ను వెన్న నాగార్జున తయారుచేశారు, వీవెన్ అందించిన 'లేఖిని' అదే ఆర్‌టీఎస్ పద్ధతిని కొత్త పట్టికకు జతచేసింది.

ఫోన్ల దారి వేరు. ఒక ఎస్సెమ్మెస్‌లో రోమను అక్షరాలు 160 పడితే యూనికోడ్ సంకేతాలు 70 మాత్రమే పడతాయి, అందులో 'స్త్రీ' ఒక్కటే ఆరింటిని మింగేస్తుంది కనుక, రోమను తెలుగు వెనుక అలవాటుతో పాటు పైసల లెక్క కూడా ఉంది. కూర్పు పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో మరోసారి తెలిసింది: 'జ్ఞా' అన్న అక్షరం, నడుమ కంటికి కనిపించని ఒక విభజన సంకేతంతో కలిసి ఐఫోన్‌కు చేరినప్పుడు, దానిని చూపించబోయిన సందేశాల యాప్ కుప్పకూలిపోయేది, ఆపిల్ సంస్థ అదే నెల 19న సవరణ విడుదల చేయవలసి వచ్చింది.